మన పుస్తకం మనమే వేసుకోవడం ఎలా? – కంప్యూటరు, ఇంటర్నెట్ సాధనాలు



ఏటా ఈ సంచికలో కవితలు, కథలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. హాస్టల్ వదిలి వెళ్లాక కొందరు రాయడం మానేస్తారు. మానని వాళ్ల దగ్గర నోటుపుస్తకాలు నిండి పెట్టెలో పడి ఉంటాయి. "అన్నా, దీన్ని పుస్తకంగా వెయ్యాలంటే ఎంతవుద్ది? ఎవరిని కలవాలి?" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. విజయవాడలో డి.టి.పి. పనిలో ఉన్నవాణ్ణి కనుక అడగడం సహజమే. ఫోనులో సగం చెప్పేసరికి వాళ్లకు పని వేళవుతుంది, మిగతా సగం ఉండిపోతుంది. అందుకని ఈసారి కవిత పంపకుండా ఆ సంగతులే వరసగా రాస్తున్నాను.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం చిన్నతనమని, ప్రచురణకర్త ముందుకొస్తేనే అది పుస్తకమని కొందరు అనుకుంటారు. 1936లో లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ వారు డాక్టర్ అంబేద్కర్‌ను తమ మహాసభకు అధ్యక్షత వహించమని పిలిచారు. ఆయన రాసిన ఉపన్యాసం చూశాక కొన్ని భాగాలు మార్చమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, సభ రద్దయింది. అప్పుడాయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. మనం ఇప్పుడు 'కులనిర్మూలన' అని చదువుకుంటున్న పుస్తకం అదే. రెండు నెలల్లో ప్రతులన్నీ అయిపోయాయి. అంతకు చాలాముందు, 1874లో 'వివేకవర్ధిని' పత్రిక మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో సొంత అచ్చుయంత్రమే పెట్టుకున్నారు. ఇక మన తెలుగులో కవిత్వ సంపుటాల సంగతి చెప్పనక్కరలేదు. వెనక పేజీలో 'ప్రతులకు' అని కవిగారి ఇంటి అడ్రసే ఉంటుంది.

మన ప్రాంతపు సంగతులు మనం రాస్తేనే పుస్తకంలోకి వస్తాయి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరు పొంగి, మన మండలంలోని కవులూరు దగ్గర కాలవకు గండ్లు పడ్డాయి. అటు విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. పేపర్లన్నీ సింగ్‌నగర్ గురించి రాశాయి. గండి పక్కన పొలం ఉన్న రైతు, ఆ పొలంలో కూలికి వెళ్లే మనిషి ఏమనుకున్నారో పుస్తకంగా రావాలంటే దాన్ని రాయాల్సింది ఇక్కడివాళ్లే. దానికోసం హైదరాబాదు నుంచి ప్రచురణకర్త రాడు.

టైపు చేయడం – యూనికోడ్ సంగతి

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే. మన ప్రెస్సుల్లో చాలాకాలంగా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని నడిచింది. ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తోంది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరం కంటికి కనిపించేదే గాని, కంప్యూటరు లోపల అది ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కూర్చుంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులోనో ఫోనులోనో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. అచ్చు వరకు ఇబ్బంది లేదు. అదే పుస్తకాన్ని రేపు ఇ-పుస్తకంగా పెట్టాలన్నా, ఒక మాటను వెతకాలన్నా కుదరదు. యూనికోడ్‌లో తెలుగు ప్రతి అక్షరానికి సొంత సంఖ్య ఉంది. అది ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా తెలుగుగానే ఉంటుంది.

కాబట్టి మొదటి టైపే యూనికోడ్‌లో చేయండి. కంప్యూటరు లేకపోయినా ఫోనులో జీబోర్డు వేసుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్న వాళ్లకు 'లేఖిని' అనే ఉచిత సాధనం ఉంది. ఉద్యోగంగా టైపు చేయాలనుకునే వాళ్లు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలి. మొదటి నెల విసుగు పుడుతుంది, తర్వాత వేళ్లు వాటంతటవే వెళ్తాయి. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాట చెబితే అక్షరాలుగా పడే సౌకర్యం కూడా వచ్చింది. చదువు రాని మీ అమ్మమ్మ చెప్పే కథను పుస్తకానికి ఎక్కించాలంటే అంతకంటే మంచి దారి లేదు. అయితే ఆ యంత్రం మన యాస వినగానే తడబడుతుంది. తర్వాత కూర్చుని దిద్దుకోవాలి.

పాత పుస్తకం అను ఫైలుగా ఉంటే మార్చే సాధనాలు దొరుకుతాయి. మార్చాక వత్తులు, రావత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి కనుక ప్రూఫు మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలి. అచ్చు పుస్తకం మాత్రమే మిగిలి ఉంటే, పేజీలను ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు బయటికి వస్తాయి. పూర్తిగా సరిగ్గా రావు గాని సగం శ్రమ తగ్గుతుంది.

ఒక చిన్న కిటుకు చెబుతాను. 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేస్తే వకారం వత్తుగా మారి కిందికి పోతుంది. 'రాజ్‌కుమార్' అనే పేరులో కకారమూ అంతే. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, దాన్ని మధ్యలో పెట్టాలి. తెలుగు కీబోర్డులు చాలావాటిలో దానికి ఒక మీట ఉంటుంది. మనుషుల పేర్లు సరిగ్గా పడాలంటే ఇది తెలిసి ఉండాలి. పుస్తకంలో తన పేరు తప్పు పడితే ఎవరికైనా బాధే కదా.

ఫాంట్లకు డబ్బు పెట్టనక్కరలేదు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, ఎన్టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చుకూ వాడుకోవచ్చు. పుస్తకం లోపలికి రామభద్ర వంటి లావు ఫాంటు పెట్టకండి, కళ్లు లాగుతాయి. అది అట్టకు, శీర్షికలకు బాగుంటుంది. పేజీలు కట్టడానికి లిబ్రెఆఫీస్ ఉచితం, మామూలు కవితల పుస్తకానికి సరిపోతుంది. ఇన్‌డిజైన్ వాడే ఆపరేటరు దగ్గరికి వెళ్తే, అందులో భారతీయ భాషల కూర్పు ఎంపిక చేశాడో లేదో అడగండి. చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి.

ప్రూఫు, సంపాదకత్వం

తెలుగుకు ఇంగ్లీషులా నమ్మదగిన స్పెల్‌చెక్ లేదు. మనిషి కన్నే గతి. మన వాళ్ల రాతలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు కొన్నున్నాయి. 'బాధ'ను 'భాద' అని, 'విద్యార్థి'ని 'విధ్యార్థి' అని రాయడం; శ, ష, సలు, ణ, నలు, ళ, లలు కలిసిపోవడం. అనుమానం వస్తే ఆంధ్రభారతి నిఘంటువులో చూడండి. చాలా నిఘంటువులు ఒకేచోట వెతకవచ్చు, డబ్బు కట్టక్కరలేదు. ప్రూఫును తెరమీద కాక కాగితం మీద తీసి చదవాలి. ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసుకోవడం పాత ప్రెస్సుల పద్ధతి. అంతకంటే మెరుగైనది నాకింతవరకు కనబడలేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రూఫ్ రీడరు గాని, ఎడిటరు గాని అక్షరదోషం దిద్దాలి, మన మాటను దిద్దకూడదు. పేటలో మనిషి 'అట్టా ఎట్టా పోతవురా' అంటే దాన్ని 'అలా ఎలా వెళ్తావు' అని మార్చే చేతులు చాలా ఉన్నాయి. డబ్బిచ్చి మరీ మన గొంతును తీసేయించుకోవడం ఇది. పని ఒప్పజెప్పేటప్పుడే 'పాత్రల మాటలు మార్చరాదు, మార్చాలనిపిస్తే పక్కన రాసి అడగాలి' అని రాసి ఇవ్వండి. గూగుల్ డాక్స్‌లో 'సూచన' పద్ధతిలో దిద్దమంటే ఆయన ఎక్కడ ఏం మార్చాడో రంగులో కనిపిస్తుంది. ఒప్పుకోవడం, తోసిపుచ్చడం మన చేతిలో ఉంటుంది.

చాట్‌జీపీటీ వంటి వాటితో దిద్దించుకుంటున్న వాళ్లూ ఉన్నారు. అక్షరదోషాలు కొన్ని పడతాయి, నిజమే. కాని వాక్యాన్ని బాగుచేయమంటే అనువాదపు తెలుగు తయారవుతుంది. అమెజాన్ కిండిల్ వాళ్లు 2023 సెప్టెంబరు నుంచి, యంత్రం రాసిన భాగం ఉంటే తమకు చెప్పాలని నియమం పెట్టారు.

బయటివాళ్లతో పని చేయించుకోవడం

డి.టి.పి., ప్రూఫు, బొమ్మలు, అట్ట, ఇ-పుస్తకం తయారీ – వీటిలో ఏదైనా విడిగా చేసిపెట్టే వాళ్లను ఫ్రీలాన్సర్లు అంటున్నారు. 2010లో మొదలైన ఫైవర్, ఎలాన్స్, ఓడెస్క్ కలిసి 2015లో పేరు మార్చుకున్న అప్‌వర్క్ వంటి వేదికల మీద ప్రపంచం నలుమూలలవాళ్లూ దొరుకుతారు. మనం కట్టిన డబ్బు వేదిక దగ్గరే ఆగి, పని అందాక ఆ మనిషికి వెళ్తుంది. 2014లో లండనులో పెట్టిన రీడ్జీ పుస్తకాల పనికే ప్రత్యేకం, కాని ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలకు. తెలుగు ప్రూఫు చూసేవాడు అక్కడకంటే విజయవాడ ఏలూరు రోడ్డులో త్వరగా దొరుకుతాడు. అట్ట బొమ్మకు మాత్రం దూరమైనా పరవాలేదు. అట్టను సొంతంగా వేసుకునే ఓపిక ఉంటే కాన్వాలో తెలుగు ఫాంట్లున్నాయి. పేజీల సంఖ్య ఖాయమయ్యాకే అట్ట పూర్తిచేయాలి, ఎందుకంటే పుస్తకం వెన్ను మందం పేజీల మీదే ఆధారపడుతుంది.

ఎవరితో చేయించినా మొదట రెండు పేజీలు నమూనా చేయించి చూడండి. డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొంత మొదట, కొంత మొదటి ప్రూఫుకు, మిగతాది ఫైళ్లు చేతికొచ్చాక. పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని ఊరుకోకూడదు. మార్పులు చేయడానికి వీలుండే అసలు ఫైలు, వాడిన ఫాంట్లు, బొమ్మలు కూడా తీసుకోవాలి. ఇది ముందే మాట్లాడుకోవాలి. నాకు తెలిసిన ఒక పూర్వ విద్యార్థి రెండో ముద్రణకు పోతే, మొదట చేసినవాళ్లు ఫైలు తమదని మళ్లీ మొత్తం డబ్బు అడిగారు. ఆయన దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. చివరికి అచ్చు పుస్తకం చూసి మళ్లీ టైపు చేశాం.

ఈ పనులు చేయించుకోవడమే కాదు, చేసిపెట్టడం కూడా మన పిల్లలకు వచ్చే విద్యే. ఇంటర్, డిగ్రీ చదువుతూ తెలుగు టైపు, ప్రూఫు చేసి మెస్ ఖర్చు సంపాదించుకున్న వాళ్లను చూశాను. చేతికి అలవాటు కావాలంటే తెలుగు వికీసోర్స్‌లో సాధన చేయండి. పాత పుస్తకాల పేజీ బొమ్మ ఒకవైపు, టైపు చేసిన పాఠం ఇంకోవైపు ఉంటాయి, పోల్చి దిద్దడమే పని. డబ్బు రాదు. కాని నెలరోజులు చేస్తే ప్రూఫు కన్ను వస్తుంది, చేసిన పనికి రుజువూ ఉంటుంది.

అచ్చు లెక్క

మన పుస్తకాలు ఎక్కువగా డెమీ 1/8 సైజులో వస్తాయి. అందులో ఒక ఫారం అంటే 16 పేజీలు. 130 పేజీలు వస్తే రెండు పేజీలకోసం ఇంకో ఫారం దండగ, 128కి కుదించుకోవాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు మొదటే పడుతుంది కనుక ఎక్కువ ప్రతులు వేస్తేనే ఒక్కో ప్రతి చవకవుతుంది. వంద, రెండొందల ప్రతులకు డిజిటల్ ప్రింటింగ్ మేలు. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో ప్రతి అచ్చువేసే పద్ధతిని బెంగళూరు 'పోథీ డాట్ కామ్' 2008లో, చెన్నై 'నోషన్ ప్రెస్' 2012లో మొదలుపెట్టాయి. ఇందులో ఇంట్లో కట్టలు పేరుకోవు. ప్రతి ఖరీదు మాత్రం ఎక్కువ.

లెక్కకోసం ఇలా అనుకుందాం. 300 ప్రతులకు అన్నీ కలిపి 36,000 రూపాయలయ్యాయి, అంటే ప్రతికి 120. వెల 150 పెట్టాం. దుకాణదారుకు 40 శాతం కమిషను ఇస్తే మనకొచ్చేది 90. ప్రతికి 30 రూపాయల నష్టం! చేతిమీద అమ్మితేనే 30 మిగులు. ఇక మన తెలుగు కవులకు పుస్తకం పంచిపెట్టే అలవాటు ఎలాగూ ఉంది. 60 ప్రతులు పంచితే, మిగిలిన 240 పూర్తి వెలకు అమ్ముడుపోతే సరిగ్గా 36,000 వస్తుంది. అప్పుచేసి పుస్తకం వేయబోయే తమ్ముడు ఈ లెక్క ఇంట్లోవాళ్ల ముందు కూర్చుని వేసుకోవాలి.

'వంద శాతం రాయల్టీ మీకే' అన్న ప్రకటనలు చూస్తుంటారు. వెలలో వంద శాతం కాదది. 200 రూపాయల పుస్తకంలో అచ్చుకు 90, అమ్మే సైటుకు 80 పోతే మిగిలే 30లో వంద శాతం. అబద్ధం కాదు, కాని అడగనిదే చెప్పరు. వేలకు వేలు ప్యాకేజీ కట్టించుకుని ఐ.ఎస్.బి.ఎన్. ఇప్పిస్తాం, కాపీరైటు ఇప్పిస్తాం అనేవాళ్లూ ఉన్నారు. ఆ రెండిటి సంగతీ చూద్దాం.

ఐ.ఎస్.బి.ఎన్. మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. 2016 నుంచి ఇంటర్నెట్ ద్వారానే దరఖాస్తు, రచయిత తన పేరుతోనే తీసుకోవచ్చు. 2007 జనవరి నుంచి ఇది 13 అంకెల సంఖ్య. మన దేశపువి 978-81 లేదా 978-93తో మొదలవుతాయి. చివరి అంకె తనిఖీ అంకె. పదోతరగతి పిల్లలు ఈ లెక్క సులువుగా చేయగలరు. 978931234567 అనే ఊహాసంఖ్య తీసుకోండి. అంకెలను వరసగా 1, 3, 1, 3తో గుణించి కూడితే 128 వస్తుంది. దాన్ని తర్వాతి పదికి, అంటే 130కి చేర్చడానికి 2 కావాలి. ఆ 2 చివరి అంకె. టైపులో 5, 6 తారుమారైతే మొత్తం 130 అవుతుంది, చివరి అంకె 0 రావాలి. అక్కడ 2 ఉంది కనుక తప్పు దొరికిపోతుంది.

కాపీరైటు ఎవరూ ఇప్పించేది కాదు, రాసిన క్షణంలోనే మనది. 1957 చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కావాలంటే ప్రభుత్వానికే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లనే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షను చెబుతుంది. కనుక ఏ సైటులోనైనా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేముందు హక్కులు ఎన్నేళ్లకు అడుగుతున్నారు, సినిమా, అనువాద, ఆడియో హక్కులు కూడా అందులో కలిపారా అన్నది చదవండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే లా చదివిన మన సీనియర్లున్నారు, అడగండి.

ఇ-పుస్తకాలు

తెలుగు ఇ-పుస్తకాలకోసం 2010లో 'కినిగె' మొదలైంది. కొనడంతోపాటు అద్దెకు చదివే పద్ధతి కూడా పెట్టింది. 2014లో బెంగళూరులో పుట్టిన 'ప్రతిలిపి'లో తెలుగు కథలు భాగాలు భాగాలుగా రాసుకోవచ్చు, ఖర్చు లేదు. పాఠకుడు ఏ భాగం దగ్గర ఆగిపోయాడో తెలుస్తుంది కనుక కొత్తవాళ్లకు పనికొస్తుంది. అమెజాన్ కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు చోటిచ్చింది. అందులో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఆ గతి పట్టడం విచారకరం. కాబట్టి అక్కడ పెట్టదలచినవాళ్లు ఫైలు తయారుచేయడానికి డబ్బు ఖర్చుపెట్టకముందే ఆ కంపెనీ భాషల జాబితా చూసుకోవాలి. డబ్బు ఆశించకుండా అందరూ చదివితే చాలనుకుంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పీడీఎఫ్ పెట్టవచ్చు. ఏ పీడీఎఫ్ అయినా పెట్టేముందు దానిలో ఒక తెలుగు మాట వెతికి చూడండి. దొరక్కపోతే ఫైలు యూనికోడ్‌లో లేదన్నమాట.

పుస్తకం అచ్చయి వచ్చాక చేయాల్సినవి కొన్నున్నాయి. 1954 చట్టం ప్రకారం ప్రచురించినవాళ్లు 30 రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు తమ ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలి. మనమే ప్రచురణకర్తలం గనుక ఆ బాధ్యత మనదే. పోస్టాఫీసు రసీదులు దాచుకోండి. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి జరుగుతోంది. జనవరి మొదట్లో వస్తుంది కనుక నవంబరుకల్లా పుస్తకం చేతికొచ్చేలా చూసుకోవాలి. చాలా ఏళ్లు అది జరిగిన స్వరాజ్య మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉంది. సొంతంగా స్టాలు తీసుకోవడం ఒక్కరికి భారం. నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక బల్ల పంచుకోండి. రెండు ప్రతులు మన హాస్టల్ లైబ్రరీ బీరువాకు తెచ్చి వార్డెన్ గారికి ఇచ్చి, రిజిస్టరులో నంబరు వేయించండి.